చీమ గుర్తు

మా అత్తగారు చనిపోయారన్న కబురు మా మామగారు ప్రతిరోజూ ఉదయం ఆరున్నరకి తన కంప్యూటర్లో చదువుకునేవారు. చదువుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, టీ కోసం కేకేసేవారు. ఈ సంగతి నాకు ఆ ఎండాకాలం మొదట్లో తెలిసింది. తెలియకుండా ఉన్నా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

కంప్యూటరంటే ఇప్పటి కంప్యూటర్ కాదు. లావుపాటి నిఘంటువంత ఉంటుంది. కీబోర్డూ మిషనూ అంతా ఒకటే డబ్బా, పాత టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాములన్నీ పాటల క్యాసెట్లలాంటి క్యాసెట్లలో ఉంటాయి. టేపు ఎనిమిది నిమిషాలు కీచుమని అరిస్తేగానీ ఒక ప్రోగ్రాము లోపలికి ఎక్కదు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి ముప్ఫై అయిదేళ్ళయింది. మా ఊళ్ళో అలాంటివి బతికున్నవి నాలుగే. ఆ నాలుగింటికీ తమ లోపలి ముక్కలిచ్చి చచ్చినవి పదకొండు, మా ఇంట్లోనే ఇనపబీరువాలో వరసగా పడుకుని ఉండేవి. "అవయవదానం చేసిన మహానుభావులు" అనేవారు మామగారు వాటిని.

వాటిని బతికించడానికి ఒక సంఘం ఉంది. నెలకోసారి, రెండో ఆదివారం, మా ముందుగదిలో కలుస్తుంది. మామగారు కాకుండా ముగ్గురు. గడియారాలు బాగుచేసే ఆయన, ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మేడమ్, రిటైరైన టెలిఫోన్ లైన్‌మన్. నలుగురి వయసూ కలిపితే మూడు వందలు దాటుతుంది. వాళ్ళకి మామగారే గురువు. ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా పనిచేసిన మనిషి మిషన్లకి గురువెలా అయ్యారంటే, ఆ కంప్యూటర్‌కి మన అక్షరాలు నేర్పింది ఆయనే. గళ్ళ కాగితం మీద ఒక్కో అక్షరానికీ ఏ గడి నింపాలో, ఏ గడి వదలాలో ఆయన పెన్సిలుతో గీస్తే, మా అత్తయ్య కూర్చుని ఇంకుతో నింపిందట. ఒక వానాకాలమంతా ఇద్దరూ అదే పని.

అత్తయ్యని ఆయన అరగంటకోసారి పిలిచేవారు. పనేమీ ఉండదు. కుర్చీలోంచి లేవకుండానే "ఏమే, ఉన్నావా?" అనేవారు. ఆవిడ వంటింట్లోంచి తల తిప్పకుండా "ఎక్కడికి పోతానూ? ఇక్కడే ఉన్నా" అనేది. ఆ 'పోతానూ' దగ్గర కొంచెం సాగదీసేది. నేను ఆవిడ గొంతు అచ్చు గుద్దినట్టు దించేదాన్ని. ఆవిడ పడీపడీ నవ్వి, "నేను పోయాక నువ్వే పలుకుదువుగానిలే" అనేది. ఆ ఎండాకాలానికి ముందటి వానల్లో నిజంగానే పోయింది.

ఎండాకాలం నాకు ఊపిరాడని కాలం. స్కూళ్ళు తెరిచేలోగా యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. మా ఆయన బస్సు డ్రైవరు, తెల్లారగానే డ్యూటీకి పోతాడు. ఆ రోజు కూడా పని తొందరలో, కేకెయ్యకముందే టీ పట్టుకుని మామగారి గదిలోకి వెళ్ళాను. టీవీ తెర మీద అక్షరాలు. నిలబడి చదివేశాను.

'ఒరే, లేచావా. తొందరపడకు, చదువు.

నీకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మతిమరుపు జబ్బు. డాక్టరు చెప్పింది నిజమే, వాదించకు.

ఆవిడ పోయింది. పోయిన ఏడు వానల్లో, ఆసుపత్రిలో, నీ చెయ్యి పట్టుకునే పోయింది. వెతక్కు.

టీ తెచ్చే అమ్మాయి నీ కోడలు. మంచిదే. నోరు మాత్రం ఎక్కువ. నువ్వెవరివని అడక్కు, నొచ్చుకుంటుంది.'

ఇంకా కింద ఏదో ఉంది. ఈలోగా ఆయన నన్ను చూసి ఒక మీట నొక్కారు. తెర ఖాళీ అయింది.

"చదివావా?"

"లేదు మామయ్యా."

"నీ మొహంలో అచ్చుతప్పు కనిపిస్తోంది."

"నోరెక్కువని రాశారు" అన్నాను.

"తప్పయితే చెప్పు, దిద్దుతాను."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన టీ అందుకుని నన్ను కూర్చోమన్నారు. "చూడు అమ్మాయ్. ఎంత ఏడ్చినా సరే, నాకు నిజమే కావాలి. జీవితమంతా పక్కవాడి తప్పులు దిద్దినవాణ్ణి, ముసలితనంలో నా బతుకే ఒక అచ్చుతప్పు కాకూడదు. రేపు మీరిద్దరూ జాలిపడి ఏదో ఒకటి చెప్పేస్తారు. అందుకే ఇది నాకు నేనే రాసుకుంటున్నాను. ఇంకెవరు రాసినా పట్టుకునేలా చివర్లో ఒక గుర్తు పెట్టుకున్నాను."

"ఏం గుర్తు?"

"చెప్తే ఇంకెక్కడి గుర్తు? సరేగానీ, నాకు అబద్ధం చెప్పనని మాటివ్వు."

"ఇచ్చాను మామయ్యా" అన్నాను. అప్పటికి అది కష్టమైన మాటగా అనిపించలేదు.

రెండో ఆదివారం వచ్చింది. సంఘానికి గోడ మీద రాసిపెట్టుకున్న సూత్రాలున్నాయి. అందులో మొదటిది, మూత తీస్తే ముందు బ్యాటరీ పీకు. టేపు అరుపు రోజూ భరించలేక వీళ్ళు ఆ మిషన్లకి ఒక చిన్న బోర్డు చేసి పెట్టుకున్నారు. దాని మీద గోళీకాయంత బ్యాటరీ. కరెంటు తీసేసినా, రాసింది పోకుండా అది కాపలా కాస్తుంది. పాతబడితే మాత్రం దాన్లోంచి ఆకుపచ్చ రసం కారి బోర్డుని తినేస్తుంది. అలా రెండు మిషన్లు పోయాయి. అందుకని వీళ్ళకి ఆ పచ్చదనం కనిపిస్తే పామును చూసినట్టే. రెండో సూత్రం, పీకే ముందు టేపుకెక్కించు.

గడియారాలాయన మామగారి మిషను మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని, "అమ్మో" అన్నాడు. "గురువుగారూ, కారుతోంది. ఇంకో వారమైతే బోర్డు చేతికొచ్చేది కాదు."

"పీకెయ్" అన్నారు మామగారు.

"ఇందులో ఉన్నది టేపు మీద ఉందా?"

"లేకుండానే నిన్ను మూత తియ్యనిస్తానా?"

నేను టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ఆయన ప్రతి ఉదయం చదువుకునేది అందులోనే ఉందని ఆ గదిలో ఆయన కాకుండా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్కసారి, 'మామయ్యా, నిజంగా ఉందా?' అని అడగబోయాను. నలుగురిలో ఆయన్ని మతిమరుపువాడిగా నిలబెట్టినట్టవుతుందని ఊరుకున్నాను. అదీకాక, నన్ను మరిచిపోయిన రోజులున్నాయిగానీ, మిషను విషయంలో ఆయన మాట తప్పయిన రోజు లేదు. నోరెక్కువని ఊరంతా పేరున్నదాన్ని, ఆ ఒక్కపూట మూసుకున్నాను.

కటింగ్‌ప్లయర్ టిక్కుమంది. లైన్‌మన్ నిమ్మరసంలో దూది ముంచి ఆ పచ్చదనాన్ని తుడిచాడు. గండం గడిచిందని నలుగురూ టీ తాగారు. మామగారి మొహం ఆ రోజు వెలిగిపోయింది.

మర్నాడు ఉదయం తెర మీద ఒక్క గీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉందట. ఆయన దాని ముందు ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. నేను పెరటివైపు వరండాలో జేబులు కుడుతున్నాను. నా మిషను చప్పుడులో గేటు చప్పుడు వినపడలేదు. టీ కోసం కేక రాలేదేమిటా అని వెళ్ళి చూసేసరికి గది ఖాళీ.

పదకొండింటికి దొరికారు, కూరగాయల మార్కెట్లో. ప్రతి కొట్టు దగ్గరా ఆగి, "మా ఆవిడ ఇటొచ్చిందా? చేతిలో గళ్ళసంచి ఉంటుంది" అని అడుగుతున్నారు. కాళ్ళకి చెప్పుల్లేవు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఇంటికి తీసుకొచ్చి, కాళ్ళు తడిగుడ్డతో తుడుస్తూ చెప్పాను. మాటిచ్చాను కదా.

"ఎప్పుడు?" అన్నారు.

"పోయిన ఏడు వానల్లో మామయ్యా."

"నేనున్నానా అప్పుడు?"

"మీ చెయ్యి పట్టుకునే పోయింది."

"మరి నాకెవరూ చెప్పలేదేం?" అని చిన్నపిల్లాడిలా అడిగారు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు. వీపు కదులుతూనే ఉంది.

మర్నాడు మళ్ళీ గళ్ళసంచి. గేటుకి తాళం వేశాను కాబట్టి గేటు దగ్గరే దొరికారు. మళ్ళీ చెప్పాను. ఆ మర్నాడు మళ్ళీ. ఒకే మనిషి చావు కబురు ఒకే మనిషికి పదకొండుసార్లు చెప్పాను. ఆయనకది ప్రతిసారీ మొదటిసారే. తొమ్మిదో రోజున తలుపు చెక్కకి నుదురు కొట్టుకున్నారు. పదకొండో రోజున ఏడవలేదు. "నువ్వే ఏదో చేశావు దాన్ని" అన్నారు నాతో. అత్తయ్య ఆఖరి నెల రోజులూ ఆసుపత్రిలో నేల మీద పడుకున్నది నేను. అయినా ఆయన మీద కోపం రాలేదు. నా మీదే వచ్చింది.

"ఊరెళ్ళిందని చెప్పొచ్చుగా" అన్నాడు మా ఆయన, డ్యూటీ దిగి వచ్చి చెప్పులైనా విప్పకుండానే.

"మాటిచ్చాను."

"ఆ మాట ఆయనకి గుర్తుందా?"

"నాకుంది."

"అయితే నీ మాట కోసం ఆయన్ని రోజూ చంపు" అన్నాడు. అనేసి, తలొంచుకుని చెప్పులు విప్పుకున్నాడు. తండ్రి గదిలోకి మాత్రం వెళ్ళలేదు. అప్పటికి నాలుగు రోజులుగా వెళ్ళడం లేదు.

సంఘంవాళ్ళకి కబురు చేశాను. గడియారాలాయన విన్న తర్వాత చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "యాభై ఏళ్ళలో ఇవి చెడగొట్టిన వస్తువు లేదమ్మా" అన్నాడు. ఆ పూటే కొత్త బ్యాటరీ వేసి, టేపు నుంచి అక్షరాలెక్కించి, నేను చదివింది చదివినట్టు చెబుతూ ఉంటే టైపు మేడమ్ కొట్టింది. ఆ 'ఒరే' దగ్గర ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. "గురువుగార్ని ఒరే అనమంటావా అమ్మా?" అంది. అనమన్నాను.

మర్నాడు ఉదయం నేనూ పక్కనే నిలబడ్డాను. ఆయన చదివారు. పెదాలు కదిలాయి. తెర అడుగుదాకా వచ్చి వెతికారు. ప్రూఫు దిద్దేటప్పుడు పెట్టినట్టే చూపుడువేలు అద్దం మీద పెట్టి, ఆ మూల నుంచి ఈ మూలకి జరిపారు.

"ఇది నేను రాసింది కాదు" అన్నారు. "గుర్తు లేదు."

"ఏం గుర్తు మామయ్యా? చెబితే పెడతాం."

"ఎవడో నా పెళ్ళాన్ని చంపేసి అచ్చేశాడు" అని గట్టిగా అరిచారు. పిడికిలితో కీబోర్డు మీద ఒక్కటి కొట్టారు. రెండు మీటలు ఊడి మంచం కిందకి దొర్లాయి. ఆ మిషను మీద ఆయన చెయ్యి గట్టిగా పడటం నా కాపురంలో అదే చూడటం.

ఇక మిగిలింది ఒక్కటే ఆశ. టేపు మీద ఉందన్నారు కదా. ఆయన మాట తప్పయిన రోజు లేదు కదా. బీరువా అడుగున మూడు వందల పన్నెండు క్యాసెట్లు తేలాయి. సగానికి సగం చీటీలు ఊడిపోయాయి. కొన్నిటికి తెల్లగా బూజు. ముగ్గురూ పంచుకున్నారు. వాళ్ళ వాళ్ళ మిషన్లు మా ముందుగదిలోకే తెచ్చి పెట్టుకున్నారు. గడియారాలాయన దుకాణం మూసేసి ఉదయం ఎనిమిదింటికే వచ్చేవాడు. టేపుని పెన్సిలుతో చుట్టి, మెత్తటి గుడ్డతో బూజు తుడిచి, ఒక్కోటీ ఎనిమిది నిమిషాలు. మూడు మిషన్లు ఒకేసారి కీచుమంటుంటే, ఆ ఎండకి తలుపులు మూసుకుని, నేను ఆ గోలలోనే గుండీలు కుట్టేదాన్ని. పక్కింటావిడ వచ్చి, "ఏంటమ్మా, ఇంట్లో పిల్లుల్ని కోస్తున్నారా?" అంది.

లోపలి గదిలో మామగారు రోజూ ఒకసారి విధురుడయ్యేవారు. అన్నం సగం మానేశారు. మనిషి ఊచలా అయిపోయారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇలాగైతే వానలు చూడరని చెప్పాడు.

పదిహేనో రోజున లైన్‌మన్ ఒక క్యాసెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చీటీ మీద 'పొద్దున్నకి' అని ఉంది. అత్తయ్య చేతిరాత. ఎనిమిది నిమిషాలూ టేపు కీచుమంది. అక్షరాలు పైనుంచి కిందకి ఒక్కో వరసా పడ్డాయి.

'ఒరే, లేచావా. తొందరపడకు, చదువు.

నీకు డెబ్భై ఆరేళ్ళు. ఈమధ్య మరిచిపోతున్నావు. అంత మాత్రానికి కంగారుపడకు.

టీ తెచ్చే అమ్మాయి నీ కోడలు.

ఆవిడ వంటింట్లో ఉంటుంది. అనుమానమొస్తే పిలువు. పలుకుతుంది.'

ఆ అడుగున, కుడివైపు మూల, చుక్కలతో కట్టిన ఒక చిన్న చీమ.

టైపు మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్షరాలన్నీ అయ్యాక గళ్ళ కాగితంలో ఇంకొక్క అక్షరానికి చోటు మిగిలిపోయిందమ్మా. ఖాళీగా ఉండటమెందుకని ఆవిడే చీమని గీసింది. గురువుగారు కసిరారు, అక్షరాల్లో చీమలేంటని. మా టేపుల్లోంచి తీసేయించారు కూడా. తనదాంట్లో ఉంచుకున్నారన్నమాట."

అదన్నమాట గుర్తు. టేపు మీద ఉందన్న మాటా అబద్ధం కాదు. ఉంది. కాకపోతే రెండేళ్ళ కిందటిది. ఆవిడ పోయాక దిద్దుకున్నవన్నీ బ్యాటరీ కాపలాలోనే ఉండిపోయాయి, ఆ బ్యాటరీతోనే పోయాయి.

గడియారాలాయన ముందుకి వంగాడు. పదిహేను రోజుల తర్వాత ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. "ఒక్క లైను దిద్దితే చాలమ్మా. వయసు కూడా మారుద్దాం. చీమ ఎలాగూ ఉంటుంది, గురువుగారు నమ్మితీరతారు. ఆవిడ లైను ఏం కొట్టమంటావు? 'పోయింది, వెతక్కు' అనేగా?" వేళ్ళు మీటల మీద పెట్టుకుని నా వైపు చూశాడు.

లోపలినుంచి మామగారి గొంతు వినపడుతోంది. ఆ ఉదయం చెప్పిన కబురు అప్పటికే జారిపోయినట్టుంది. ఎవర్నో, ఎవరూ లేని గదిలో, గళ్ళసంచి గురించి అడుగుతున్నారు.

"ఉండనివ్వండి" అన్నాను.

"ఏది?"

"ఉన్నది ఉన్నట్టే."

మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "గురువుగారు ఒప్పుకోరమ్మా. ఒక్క తప్పు కనబడితే అచ్చు ఆపించి మళ్ళీ మొదట్నించీ వేయించిన మనిషి."

"తెలుసండీ" అన్నాను. ఆయన నా చేత మాట తీసుకున్నారని కూడా చెప్పాను. గడియారాలాయన వేళ్ళు మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ ప్రోగ్రాముని మామగారి మిషన్లో పెట్టారు. సూత్రం ప్రకారం ఇంకో రెండు టేపులకి కూడా ఎక్కించి, తలా ఒకటి దాచుకున్నారు. ఆయన రాసుకున్న నిజానికి ఒక్క కాపీ లేదు. నేను ఉంచిన అబద్ధానికి ఇప్పుడు మూడు.

మర్నాడు ఉదయం ఆరింటికే లేచాను. మా ఆయన డ్యూటీకి వెళ్తూ వంటింటి గుమ్మంలో ఆగి, "నేనుండనా?" అన్నాడు. వద్దన్నాను. స్టవ్ మీద నీళ్ళు పెట్టి నిలబడ్డాను. టీవీ వెలిగిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆయన చూపుడువేలు అద్దం మీద కిందకి జరగడం నాకు కనబడుతున్నట్టే ఉంది. ఆ మూలకి చేరి, చీమ దగ్గర ఆగుతుంది. నీళ్ళు మరిగి పొంగబోతుంటే మంట తగ్గించాను.

"ఏమే" అన్నారు మామగారు. నెల రోజులుగా విన్న గొంతు కాదది. కుర్చీలో వెనక్కి వాలి, పనేమీ లేకుండా పిలిచే గొంతు. "ఉన్నావా?"

ఆవిడలాగే తల తిప్పకుండా, 'పోతానూ' దగ్గర కొంచెం సాగదీసి పలికాను.

"ఎక్కడికి పోతానూ? ఇక్కడే ఉన్నా."

కుర్చీ కిర్రుమంది. "సర్లే" అన్నారు. అంతే.

కొంగుతో మొహం తుడుచుకుని, టీ వడగట్టి, కప్పు పట్టుకుని గదిలోకి వెళ్ళాను. తెర మీద చీమ ఉంది. మామగారు నన్ను చూశారు. అడక్కూడని ప్రశ్న అడగలేదు. చాలా రోజుల తర్వాత కప్పు రెండు చేతులతో అందుకున్నారు. ఒక గుక్క తాగి, వంటింటి వైపు తల ఎగరేశారు.

"అమ్మాయ్, మీ అత్తయ్య గొంతు మారింది, గమనించావా? ఎండకి తట్టుకోలేకపోతోందేమో. అడిగితే ఏమీ లేదంటుంది. నాకు నిజం చెప్పేది నువ్వొక్కదానివే. బాగానే ఉందా అది?"

"బాగానే ఉంది మామయ్యా" అన్నాను.